నారుమడికి మంచి బాక్టీరియా కూడా కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం. మిరప, టమాటా నార్లు పోసే రోజులివి. మొలకలు లేచిన వారానికే మొదలు దగ్గర మెత్తబడి గుంపులు గుంపులుగా వాలిపోతుంటే ఎంత టెన్షనో పోసినవాళ్లకే తెలుసు. ఈ నారుకుళ్లుకి మన దగ్గర అందరూ ముందు రాగి మందే పోస్తారు, నేనూ ఏళ్లపాటు అదే చేశాను.

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే మేలు చేసే బాక్టీరియా ఉంది. ఇది వేళ్ల చుట్టూ చేరి, మట్టిలోని ఇనుమును తనవైపు లాక్కుని నారుకుళ్లు తెచ్చే పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది, వాటిని అణిచే పదార్థాలనూ వదులుతుంది. కిలో విత్తనానికి 10 గ్రాముల పొడి పట్టించి నీడలో ఆరబెట్టి చల్లాలి. బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి మడిలో కూడా వేసుకోవచ్చు.

అయితే ఇది ప్రాణమున్న సరుకు. రాగి మందుతో కలిపితే చచ్చిపోతుంది, ఎండలో పెట్టినా అంతే. పోయినేడాది నాకు ఒక షాపులో గడువు దాటిన ప్యాకెట్ అంటగట్టారు, సగం మడి పోయింది. తేదీ చూసుకోకపోవడం నా తప్పే, కానీ అమ్మేవాళ్లు చూడొద్దా? అధికారులు పురుగుమందుల్ని తనిఖీ చేసినట్టే ఈ ప్యాకెట్లనూ సీజన్‌కి ముందే తనిఖీ చేయాలి, రైతు సేవా కేంద్రాల్లో నీడపట్టున నిల్వ చేసిన తాజా సరుకు అందుబాటులో ఉంచాలి. ఎత్తు మడులు, పలచగా విత్తడం, నీరు నిలవకుండా చూడటం మాత్రం మన చేతిలో పనే, అవి లేకుండా ఏ బాక్టీరియా కాపాడలేదు.

– ఒక మిరప రైతు, గుంటూరు జిల్లా