వేసవిలో జలాశయాల నీటిమట్టం గురించి జలవనరుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మార్చి చివరికల్లా వలస బాతులు చాలావరకు వెళ్లిపోతాయి. పీఠభూమి జలాశయాల దగ్గర సందడి తగ్గుతుంది. ఇక పక్షులేవీ లేవనుకుని పూడికతీత, గట్ల మరమ్మతులు, ఎగువ నుంచి నీళ్లు వదలడం అన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకుంటారు. నేల మీద గుడ్లు పెట్టే పక్షులకు అదే అసలు కాలం.

నీళ్లు వెనక్కి తగ్గాక తేలిన ఇసుక దిబ్బల మీద, గులకరాళ్ల మీద రివర్ టెర్న్, స్మాల్ ప్రాటిన్‌కోల్, లిటిల్ రింగ్డ్ ప్లోవర్ అనే నీటి ఒడ్డు పక్షులు, తీతువు పిట్ట గుడ్లు పెడతాయి. గూడంటే నేలలో చిన్న గుంట, అంతే. మచ్చల గుడ్లు రాళ్లలో కలిసిపోయి రెండడుగుల దూరంలో నిలబడ్డా ఒక్కోసారి కనబడవు. పూడిక తోలే ట్రాక్టరు వాటి మీంచి వెళ్లినా డ్రైవరును తప్పుపట్టి లాభం లేదు. మిట్టమధ్యాహ్నం తీతువు నీళ్లలో దిగి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. ఆ వేళ దాన్ని లేపి దూరంగా ఉంచితే ఎండకు గుడ్లు పాడవుతాయి. కెమెరాలతో వచ్చేవాళ్లకూ ఇది వర్తిస్తుంది: టెర్న్ తల మీదికి దూకుతోందంటే అప్పటికే మరీ దగ్గరికి వెళ్లినట్టు, వెంటనే వెనక్కి రావాలి.

మా ముఖ్య విన్నపం నీటిమట్టం గురించి. ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) వల్నరబుల్, అంటే అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉన్న రివర్ టెర్న్ గుడ్లు పొదగడానికి సుమారు మూడు వారాలు, పిల్లలు ఎగరడానికి దాదాపు మరో నాలుగు వారాలు పడుతుంది. ఒడ్డు 50 అడుగులకు ఒక అడుగు వాలుతో ఉంటే, మట్టం అడుగు పెరిగినా 50 అడుగుల మేర నేల మునుగుతుంది. ఒక్క రాత్రిలో అక్కడి గూళ్ల గుంపు మొత్తం పోవచ్చు. మట్టం బాగా పడిపోయినా చిక్కే, దిబ్బ ఒడ్డుకు కలిసి కుక్కలు నడిచి వెళ్తాయి.

అందుకే నింపాల్సిన నీళ్లుంటే ఫిబ్రవరిలోనే నింపించండి, పక్షులు పైమట్టంలో గూళ్లు పెట్టుకుంటాయి. లేదా మే చివరి దాకా ఆపండి. తాగునీటి కోసం తప్పనిసరైతే రోజుకు కొద్దికొద్దిగా వదలండి. గుడ్లు కాకపోయినా, నడవగలిగిన పిల్లలైనా పైకి జరుగుతాయి. పూడికతీతకు ముందు ఒక ఉదయం, ఎండ ముదరకముందే, గట్టు మీంచి టెలిస్కోపుతో చూపించి గూళ్లున్న భాగాన్ని పనిలోంచి తప్పించండి. గూటి పక్కనే జెండా పాతకూడదు, కాకులు దాన్నే గుర్తు పెట్టుకుంటాయి. హద్దు వంద మీటర్ల అవతల ఉండాలి.

వచ్చే వేసవి నీటి విడుదల ప్రణాళికను జనవరిలోనే ప్రకటించాలని కోరుతున్నాం.

ఇట్లు,
జలాశయాల దగ్గర పక్షులను గమనించేవారం