విదేశాంగ మంత్రి గారికి, సిక్కోలు నుంచి: ఢాకాలో ఒక్క గుమ్మమే తొక్కితే ఎలా?

గౌరవనీయులు జైశంకర్ గారికి,

నమస్కారం సార్. శ్రీకాకుళం జిల్లా నుంచి రాస్తున్నాను. బంగ్లాదేశ్ గొడవ వీళ్ళకెందుకు అనుకోకండి. మావాళ్ళు వేట చేసే సముద్రానికే ఆ దేశం అవతలి గట్టు. 2025 అక్టోబరులో పక్కనున్న విజయనగరం జిల్లా మత్స్యకారులు తొమ్మిది మంది దారి తప్పి ఆ జలాల్లోకి పోయి అక్కడి నేవీకి చిక్కారు. ఇంటి మనిషి అలా చిక్కితే ముందు ఫోన్ కలవదు, తర్వాత బోటు ఓనర్ నుంచి కబురొస్తుంది, ఆ పైన మావాడు ఈ దేశం వాడేనయ్యా అని చూపించుకోడానికి ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు పట్టుకుని ఆడవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ టెన్షన్ ఎన్నాళ్ళుంటుందన్నది ఢిల్లీకీ ఢాకాకీ మధ్య మాటలున్నాయా లేవా అన్నదాని మీదే ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

2024 ఆగస్టు 5న, విద్యార్థుల తిరుగుబాటుతో అక్కడి ప్రధాని షేక్ హసీనా దేశం విడిచి ఇక్కడికి వచ్చేశాక మన టీవీల్లో ఒకటే మాట, విదేశీ హస్తం. అమెరికా అన్నారు, ఐఎస్ఐ అన్నారు, చైనా అన్నారు. బంగ్లాదేశ్‌లోని సెయింట్ మార్టిన్ దీవి కోసం ఇదంతా అమెరికాయే చేయించిందన్న ఆరోపణ కూడా వచ్చింది, అమెరికా కాదంది. ఎవరి చెయ్యీ లేదని నేను అనను, పెద్ద దేశాలు చిన్న దేశాల్లో వేలు పెట్టకుండా ఎప్పుడు ఊరుకున్నాయి గనక. కానీ సార్, 2024 జూలై 16న రంగ్‌పూర్‌లో అబూ సయీద్ అనే విద్యార్థి చేతులు బార్లా చాపి పోలీసు తుపాకుల ఎదుట నిలబడి చచ్చిపోయాడే, ఆ కుర్రాణ్ణి ఏ దేశం నిలబెట్టింది? 1971 యుద్ధంలో పోరాడినవాళ్ళ వారసులకి సర్కారు ఉద్యోగాల్లో 30 శాతం కోటా మళ్ళీ వచ్చిందని ఆ పిల్లలు రోడ్డెక్కారు. డీఎస్సీకో కానిస్టేబుల్ పోస్టుకో ఏళ్ళ తరబడి చదువుతున్న పిల్లలు మా జిల్లాలో ఏ ఊళ్ళో లేరు? ఆ కోపం వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ కొద్ది వారాల్లో 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. అంతమంది ఒకరు కీ ఇస్తే కదిలారనుకోవడం ఆ చావులని అవమానించడమే.

ఇక మన చెయ్యి సంగతి. 2014 జనవరి ఎన్నికల్లో అక్కడ 300 సీట్లకి 153 చోట్ల పోటీయే లేదు. దానికి నెల ముందు మన విదేశాంగ కార్యదర్శి సుజాతా సింగ్ ఢాకా వెళ్ళారు, తనని బరిలో ఉండమని ఆమె అడిగారని అక్కడి ‘జాతీయ పార్టీ’ నేత ఎర్షాద్ బయటికే చెప్పారు. అప్పుడు మంత్రి మీరు కాదు, ప్రభుత్వం కూడా వేరు. మరి 2024 జనవరిలో? ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించిన ఎన్నికకి కూడా మనం వెంటనే అభినందనలు పంపేశాం. ఓటేయడానికి వేరే అభ్యర్థే లేకుండా పోయిన అక్కడి ఓటరు అదంతా చూస్తూనే ఉన్నాడు, అతని లెక్కలో విదేశీ హస్తమంటే మనదే. పదేళ్ళకి పైగా ఒక్క నాయకురాలి గుమ్మమే తొక్కి, ఆ గుమ్మం కూలిన రోజు దేశమంతా మనకి ఎదురు తిరిగిందని ఆశ్చర్యపోతే ఏం లాభం?

హసీనా కాలంలో మంచి జరగలేదని కాదు. 2014లో సముద్ర సరిహద్దు తీర్పు వచ్చింది, తగవులో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్ళకి పోయినా మనం పెద్దమనసుతో ఒప్పుకున్నాం (ఆ గీత దగ్గరే ఇప్పుడు మావాళ్ళు చిక్కుతున్నది). 2015లో భూసరిహద్దు కూడా తేలింది. మన నుంచి వాళ్ళకి పారే తీస్తా నది నీళ్ళ ఒప్పందం మాత్రం 2011లో సంతకం దాకా వచ్చి ఆగిపోయింది, ఇప్పటికీ అంతే. ఇది మాకు బాగా తెలిసిన బాధ సార్. వంశధార మీద నేరడి బ్యారేజీ కోసం ఒడిశాతో దశాబ్దాలుగా నడుస్తున్న తగవులో ట్రిబ్యునల్ తీర్పు వచ్చాక కూడా ఎదురుచూస్తూనే ఉన్నాం. ఎగువవాడి మాట కోసం కాచుకుని కూర్చున్న రైతుకి స్నేహం గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా చెవికెక్కవు. 1996 డిసెంబరులో 30 ఏళ్ళకి రాసుకున్న గంగా జలాల ఒప్పందం 2026 డిసెంబరుతో అయిపోతుంది. కొత్త ఒప్పందం మాటలని గడువు దాకా లాగకుండా తేల్చేయండి, ఢాకాలో ఎవరు కుర్చీలో ఉన్నా సరే.

హసీనాని పంపించెయ్యమని నేను అడగడం లేదు. 1975లో తండ్రినీ కుటుంబాన్నీ చంపేశాక ఆమెకి నీడనిచ్చింది ఢిల్లీయే, ఆశ్రయం కోరి వచ్చిన మనిషిని వెళ్ళగొట్టడం మన పద్ధతి కాదు. కానీ ఇక్కడ కూర్చుని అక్కడి రాజకీయం నడపకూడదని ఆమెకి గట్టిగా చెప్పండి. 2025 ఫిబ్రవరి 5న ఆమె ఆన్‌లైన్‌లో ప్రసంగం పెట్టుకుంటే ఆ రాత్రే జనం ఢాకాలో ఆమె తండ్రి ముజీబ్ ఇంటి మీద పడి కూలగొట్టారు. అక్కడి హిందువుల మీద దాడుల గురించి మీరు మాట్లాడుతున్నారు, మాట్లాడాల్సిందే, ఇంకా గట్టిగా అడగాలి. అయితే ఒక పార్టీ తరఫు మనిషి అడిగాడన్న పేరుంటే ఆ మాటకి విలువుండదు, దాని దెబ్బ మళ్ళీ ఆ హిందువుల మీదే పడుతుంది. అన్ని పార్టీలతోనూ, యూనివర్సిటీ పిల్లలతోనూ, పత్రికలవాళ్ళతోనూ మన హైకమిషన్ మాట్లాడుతూ ఉండాలి. పోరాడి తెచ్చుకున్న దేశం వాళ్ళది. 1971లో పాకిస్తాన్ ఘాజీ సబ్‌మెరైన్ మునిగింది మా విశాఖ ఎదుటే, ఆ పోరాటంలో మనమూ ఉన్నామన్న గర్వం మాకుంది. అంతమాత్రాన ఆ దేశం మనకి బాకీ పడిపోలేదు.

మత్స్యకారుల సంగతే తీసుకోండి. 2025 జనవరిలో, అంత చెడిన రోజుల్లోనే, మనవాళ్ళు 95 మందినీ వాళ్ళవాళ్ళు 90 మందినీ ఇచ్చిపుచ్చుకున్నారు. అంటే తలుచుకుంటే అవుతుంది. ప్రతిసారీ కొత్తగా బతిమాలే పని లేకుండా, దారి తప్పి వచ్చారని తేలినవాళ్ళని ఇన్ని రోజుల్లో పడవలతో సహా పంపించెయ్యాలని రెండు వైపులా ఒక కాగితం రాసుకోండి. కబురు తెలుగులో చెప్పే ఒక ఫోన్ నంబరు మా కలెక్టరాఫీసులో పెట్టించండి. మా ఎంపీ కేబినెట్‌లో మీతోనే కూర్చుంటారు కాబట్టి ఈ లేఖ ఆయనకి కూడా పంపుతున్నాను, మీ జవాబు ఆయన చేత పంపించినా చాలు.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా ఓటరు