ఎక్స్ ఆర్మీ అంటే కాపలా పనేనా?

సంపాదకులకు నమస్కారం.

సైన్యంలో చేసి వచ్చినవాళ్లు కూడా విదేశాల దారి పడుతున్నారని బాధపడుతూ గత ఆదివారం మీ పత్రికలో ఒక పెద్దాయన రాశారు. దేశం పని నేర్పిన చేతులు పరాయి దేశానికి పనిచేయడమేమిటన్నది ఆయన ప్రశ్న. ఆ చేతుల్లో రెండు నావి. ఇంకా వెళ్లలేదు. వెళ్లాలా వద్దా అని ఏడాదిగా కొట్టుమిట్టాడుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లె. 2007లో సెలెక్టయి బెంగళూరులో ఉల్సూరు చెరువు దగ్గరున్న మద్రాస్ సాపర్స్ (ఆర్మీ ఇంజనీర్ల దళం) సెంటర్‌కి వెళ్లాను. అక్కడ తెలుగువాడైనా, మలయాళీ అయినా, కన్నడిగుడైనా అందరూ తంబీలే. 17 ఏళ్లు తంబీగా బతికి 2024లో నాయక్ ర్యాంకుతో ఇంటికొచ్చాను.

నా ట్రేడ్ పేరు ఓఈఎం. అంటే మట్టి తవ్వే, నెట్టే యంత్రాలు నడిపేవాణ్ణి. రైఫిల్ నేర్చుకున్నాను, ఫైరింగ్ చేశాను, సెంట్రీ డ్యూటీ చేశాను. కానీ సర్వీసు మొత్తం మీద నా చేతులు ఎక్కువగా పట్టుకున్నది బుల్డోజర్ లివర్లే. 2020లో గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణ జరిగాక మా యూనిట్ లడాఖ్‌లో ఉంది. చలి ముదరకముందే వేల మందికి గూడు కట్టాలి, దారులు తీయాలి. ఆ ఎత్తులో మనిషికే కాదు, ఇంజనుకీ ఊపిరి ఆడదు. డీజిల్ చిక్కబడిపోతుంది. రాత్రి లేచి లేచి బండి స్టార్ట్ చేసి వేడి పోకుండా చూసుకునేవాళ్లం. గ్లౌజు లేకుండా ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. లోయ పక్కన మట్టి నెట్టేటప్పుడు బ్లేడును అంచు దాటనివ్వకూడదు. చివరి కుప్పను అంచు మీదే వదిలి వెనక్కి రావాలి, తర్వాత తెచ్చిన కుప్పతో దాన్ని కిందికి తోయాలి. ఒక్క అడుగు ముందుకెళితే బండి, మనిషి ఇద్దరూ లోయలోనే. ఇది నాకు పుస్తకంలో ఎవరూ చెప్పలేదు. మా హవల్దార్ సార్ పక్కన నిలబడి, కేకలేసి నేర్పారు.

పెద్దాయనకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడూ నేను కొండల్లోనే ఉన్నాను. ఆరు రోజులు ఇంటి ఫోను కలవలేదు. సెలవు దొరికి వచ్చేసరికి మా నాన్న పెంచిన 80 కొబ్బరి చెట్లలో ఆరు నిలబడి ఉన్నాయి. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరిచెట్టంటే ఇంట్లో మనిషి లెక్క. దారికి అడ్డంగా పడినవి తీయడానికి ఊరంతా చందాలేసుకుని ఒక జేసీబీని పిలిపించారు. దాన్ని నడిపే కుర్రాడు రెండు రోజులుగా నిద్రలేక తూలిపోతున్నాడు. తాళం ఇమ్మని అడిగి మూడు రోజులు నేనే నడిపాను. పక్క ఊరి దారి కూడా తీశాం. అప్పుడే ఒకాయన అన్నాడు, "ఏటోయ్, ఆర్మీలో తుపాకీ కాకుండా ఇది కూడా నేర్పుతారేటి?" నవ్వుకున్నాను. ఆ మాటే ఆరేళ్ల తర్వాత నా బతుక్కి అడ్డంపడుతుందని అప్పుడు తెలియదు.

డిశ్చార్జి అయ్యాక మా జిల్లాలోనే ఒక పెద్ద కట్టడం పని దగ్గరికి వెళ్లాను. వరసగా ఎక్స్‌కవేటర్లు నడుస్తున్నాయి. ఆపరేటర్ పని కావాలన్నాను. ఆఫీసులో కుర్రాడు కాగితాలు తిరగేసి, "ఎక్స్ ఆర్మీనా సార్, సెక్యూరిటీలో ఖాళీ ఉంది, 12 గంటల డ్యూటీ, 14 వేలు" అన్నాడు. డోజర్ నడిపానని చెప్పాను. "ఏ కంపెనీలో?" అన్నాడు. ఇండియన్ ఆర్మీలో అన్నాను. "అది కాదు సార్, సైట్ ఎక్స్‌పీరియన్స్" అన్నాడు. లడాఖ్ సైట్ కాదు కాబోలు.

అతన్ని తప్పుపట్టను. నా డిశ్చార్జి పుస్తకంలో ఏముంది? ట్రేడ్ ఓఈఎం, క్యారెక్టర్ ఎగ్జెంప్లరీ. ఏ యంత్రం, ఎన్ని టన్నులది, ఎన్ని వేల గంటలు నడిపాను, అందులో లేదు. పదో తరగతి పాసై 15 ఏళ్లు సర్వీసు చేసిన జవానును కేంద్రంలో గ్రూప్ సి ఉద్యోగాలకు డిగ్రీవాడితో సమానంగా చూస్తారు. రాష్ట్రంలో మాజీ సైనికులకు 2 శాతం కోటా ఉంది. రెండు పరీక్షలు రాశాను. పక్క బెంచీలో కోచింగ్ నుంచి వచ్చిన 22 ఏళ్ల పిల్లలు. నాకు గుర్తుండేది గ్రీజు పాయింట్ల లెక్క, వాళ్లకు రాజ్యాంగంలోని అధికరణలు. కమ్యుటేషన్ (ముందే ఒకేసారి తీసుకున్న భాగం) పోను నెలకు చేతికొచ్చే పింఛను 23 వేల చిల్లర. అది చిన్న విషయమని అనను, ఆ పింఛనే మమ్మల్ని నిలబెట్టింది. కానీ నా వయసు 37. ఇంకా 20 ఏళ్లు ఊరికే కూర్చోలేను, గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడనూలేను.

విదేశాలు మా ఊరికి కొత్త కాదు. మా వీధిలోనే రిగ్గర్లు, వెల్డర్లు, ఫిట్టర్లు ఉన్నారు, గల్ఫ్ నుంచి పోలండ్ దాకా. ఏజెంట్ల సంగతి కూడా తెలుసు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30 వేలు, పైన జీఎస్టీ. నన్ను సౌదీకి పంపిస్తానన్నవాడు లక్షా ఎనభై వేలు అడిగాడు, రసీదు మాటెత్తితే ఫోను పెట్టేశాడు. ఇంకొకడు "మీరు ఆర్మీవాళ్లు కదా, రష్యాలో హెల్పర్ పని, నెలకు రెండు లక్షలు" అన్నాడు. అలా వెళ్లి యుద్ధంలో ముందువరసలో చనిపోయిన హైదరాబాద్ కుర్రాడి వార్త 2024లో మీ పత్రికల్లోనే చదివాం. యూనిఫాం విప్పింది ఇంకో దేశం యూనిఫాం తొడుక్కోవడానికి కాదు.

చివరికి నేనే కూర్చుని కెనడాకు వలస వెళ్లే దరఖాస్తు చూశాను. అక్కడ నా పనికి ఒక కోడ్ ఉంది: 73400, హెవీ ఎక్విప్‌మెంట్ ఆపరేటర్. ఆ నంబరు చూసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను. 17 ఏళ్లలో మొదటిసారి ఒక సివిల్ కాగితంలో నా పనికి పేరు కనబడింది! ఆ సంతోషం ఎంతోసేపు లేదు. పనిచేసిన చోటి నుంచి లెటర్ కావాలట. ఏ పనులు చేశారు, జీతమెంత, వారానికి ఎన్ని గంటలు. వారానికి గంటలా? మంచు పడితే రాత్రంతా పనే, పడకపోతే పీటీ, పరేడ్, బ్యారక్ ఊడ్చడం. ఏమని రాయను? సైన్యంలో చేసినవాళ్లకు వేరే ప్రశ్నలు కూడా ఉన్నాయి. యూనిట్, కమాండింగ్ ఆఫీసర్ పేరు, యుద్ధంలో పాల్గొని ఉంటే ఎక్కడ, ఎప్పుడు అని. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఎక్కడున్నామో భార్యకు కూడా సరిగ్గా చెప్పనివాళ్లం, పరాయి ప్రభుత్వానికి ఎంతవరకు రాయొచ్చు? ఎవర్ని అడగాలి? లెటర్ కోసం ఒక ఆఫీసుకు రాస్తే ఇంకో ఆఫీసుకు రాయమన్నారు. అక్కడికి రాసి ఏడు నెలలైంది.

కెనడా దరఖాస్తులో వయసుకిచ్చే మార్కులు 29 దాటాక ఏటా తగ్గుతూ 45కి సున్నా అవుతాయి. లెటర్ ఇవ్వాల్సిన ఆఫీసువాళ్లు జవాబిచ్చేలోపు నేను రెండుసార్లు రిటైరవుతానేమో.

పెద్దాయన దేశభక్తి గురించి రాశారు. నన్ను ఆపుతున్నది అది కాదని నిజాయితీగా చెప్తున్నాను. మా అమ్మకు వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ప్రాంతంలో అక్షరం ముక్క రాని ముసలమ్మలకు కూడా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) అన్న మాట వచ్చు. బండి మీద తీసుకెళ్లేది నేనే. ఫారం సంగతి చెప్తే, "ఇన్నాళ్లూ మంచులో ఉన్నావు, మళ్లీ మంచులోకేనేటిరా?" అంది. వెళ్లొద్దని మాత్రం అనలేదు.

ఇంకో చిక్కు మా అక్క కొడుకుది. పొద్దున్నే రన్నింగ్ చేస్తున్నాడు, అగ్నివీర్‌కి. నాలుగేళ్ల సర్వీసు, నలుగురిలో ఒకరిని ఉంచుకుంటారు, మిగతావాళ్లకు 11.71 లక్షలు ఇచ్చి పంపిస్తారు, పింఛను లేదు. మొదటి బ్యాచ్ బయటికొచ్చే రోజులు దగ్గరపడ్డాయి. "మావయ్యా, వెళ్లనా?" అని అడుగుతున్నాడు. వెళ్లమనే చెప్పాను. ఏ ట్రేడ్ ఇచ్చినా, ఏ రోజు ఏ బండి ఎన్ని గంటలు నడిపావో నీ సొంత నోటుబుక్కులో రాసుకో, పై సార్ చేత నెలకోసారి సంతకం పెట్టించుకో అన్నాను. రాసుకోకూడని ఊరి పేర్లు రాయొద్దనీ చెప్పాను.

నేను సర్కారును ఉద్యోగం అడగడం లేదు. పంపించే రోజున డిశ్చార్జి పుస్తకంతో పాటు ఇంకో కాగితం ఇవ్వండి. వీడు ఫలానా యంత్రాలు, ఇన్ని గంటలు, ఇంత ఎత్తులో నడిపాడు అని, సివిల్‌లో వాడే మాటల్లో, సీలుతో. అది ఉంటే మా జిల్లా సైటులోనే ఆపరేటర్ సీటు ఎక్కేవాణ్ణేమో.

మీ పాఠకుల్లో నా ట్రేడ్‌వాళ్లు ఎవరైనా అలాంటి లెటర్ సంపాదించి ఉంటే, ఏ ఆఫీసుకు ఎలా రాశారో దయచేసి మీ పత్రికకే రాయండి. కెనడా దరఖాస్తుకు రాసిన ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. నాది వచ్చే మార్చితో ఆఖరు.

ఇట్లు,
ఒక మాజీ నాయక్, మద్రాస్ సాపర్స్
శ్రీకాకుళం జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)