ఆసుపత్రి వరండాలో చున్నీ తీసిన మేడమ్‌కు

నిన్న మా అమ్మాయి నెత్తిన నాలుగో విడత స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకుని రాత్రి పదింటికి ఇల్లు చేరాం. కళ్లు మూతలు పడుతున్నా కృతజ్ఞతగా ఈ నాలుగు మాటలు రాయనిదే పడుకోబుద్ధి కావడం లేదు.

పదమూడేళ్ల పిల్లకు రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు ఊడి, నెల తిరిగేసరికి అలాంటివి ఐదు మచ్చలయ్యాయి. పేనుకొరుకుడన్నారు. గురివింద గింజ అరగదీసి రాయమన్నవారున్నారు. నిజంగానే పురుగేదో కొరుకుతోందని నేను దువ్వెనలు మరగకాచాను కూడా. మొదటి రోజు మూడు గంటలు కూర్చుంటే డాక్టరుగారి దగ్గర మూడు నిమిషాలే దొరికాయి. తన ఒంటి రక్షణ కణాలే తన జుట్టును ఊడగొడుతున్నాయని మాత్రం అర్థమై, పిల్ల వరండాలోనే ఏడ్చేసింది.

పక్క బెంచీ మీదున్న జువాలజీ లెక్చరర్ ఒకరు, అంతమంది చూస్తుండగానే, తలకు కట్టుకున్న చున్నీ తీసేశారు. నున్నటి మచ్చ మధ్య తెల్లటి నూగు. "తాకి చూడు తల్లీ, ముందు తెల్లగానే వస్తుంది" అన్నారు.

మా ఓపీ చీటీ వెనక వెంట్రుక కుదురు బొమ్మ గీశారు. పెరిగే దశలో కుదురు రోగనిరోధక కణాల కంటపడకుండా ఉంటుందని, ఆ మరుగు తొలగితే టి-కణాలనే ఒక రకం రక్షణ కణాలు దాని అడుగు బుడిపె చుట్టూ తేనెటీగల్లా ముసురుతాయని, పైనున్న, కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాలు మాత్రం బతికే ఉంటాయి కాబట్టి మళ్లీ మొలిచే వీలు పోదని చెప్పారు. ఆ కణాలన్నీ శత్రువులు కావట. టి-కణాల్లోనే అదుపు చేసే రకం ఒకటుందని, ఎలుకల చర్మంలో దాన్ని తొలగిస్తే గొరిగిన వెంట్రుకలు తిరిగి రాలేదని 2017లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపారని చెబుతుంటే, పిల్ల ఏడుపు ఆపి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ పేరైనా అడగలేదు. చున్నీ తిరిగి కట్టింది మా అమ్మాయే.

మా వారికీ అత్తయ్యకూ కృతజ్ఞతలు వేరే చెప్పాలా!

బీమావారు మాత్రం ఇది అందానికి చేయించుకునే చికిత్స అని బిల్లు తిప్పి పంపారు. ఈ జబ్బుకే అమెరికాలో 2022లో పెద్దలకూ, 2023లో పన్నెండేళ్లు నిండినవారికీ మాత్రలు అనుమతించారు. టి-కణాల దాడి ఇక్కడికొచ్చేసరికి అందం ఎలా అయిందో వారే చెప్పాలి.

అయ్యో, మరిచాను: టోపీతో క్లాసులో కూర్చోనిచ్చిన టీచరుగారికి, సూది నొప్పి తెలియకుండా నెత్తికి అద్దమని ప్రతిసారీ ఐసు ముక్కలిచ్చిన సోడాబండి బాబాయికి కూడా నమస్కారాలు.