మల్ఖుత్‌కి ఒక్క గొట్టమే

ఒరేయ్ సుబ్బూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. తిట్టుకున్నాక చదువు. ఇక్కడ అంతా కులాసా, ఆవకాయ మూడో రోజు కలిపేశారు, మీ వదిన నిన్ను అడగమంది. మిగతా కబుర్లు ఇంకో ఉత్తరంలో. నువ్వు గీసి పంపిన కబ్బాలా చెట్టు (యూదుల మార్మిక విద్యలో దేవుడి పది శక్తుల్ని, అంటే సెఫిరోత్‌ని, గుండ్రాలుగా చూపే పటం) చూసిన దగ్గర్నుంచీ ఈ ముక్క చెప్పకపోతే కడుపుబ్బిపోయేలా ఉంది.

గుండ్రాలు బాగానే కుదిరాయి, లెక్కల మాస్టారి డస్టరు దెబ్బలు ఊరికే పోలేదు. కానీ అడుగున ఉన్న ఆఖరి గుండ్రం, మల్ఖుత్‌కి మూడు గీతలు కలిపావేంట్రా? అచ్చం మన హాస్టల్ స్టూలే! (నాలుగో కాలు ఎవరు విరిచారో నీకూ తెలుసు, నాకూ తెలుసు.)

నువ్వు చూసి గీసింది కిర్కర్ బొమ్మ అయ్యుంటుంది. జెసూట్ పండితుడు అథనాసియస్ కిర్కర్, రోములో 1652-54లో అచ్చయిన తన పెద్ద గ్రంథంలో వేయించింది. 1888లో లండన్‌లో పుట్టిన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం వాళ్ళు ఆ అమరికనే పట్టుకుని 22 దారులకీ, అంటే గుండ్రాల్ని కలిపే గీతలకీ, 22 టారో (జోస్యం) ముక్కలు తగిలించారు. ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. గలిలయ కొండల్లో, సఫెద్ ఊళ్ళో, కబ్బాలా గురువు ఇసాక్ లూరియా సంప్రదాయం చెప్పిన అమరిక వేరు. ఆయన్ని అరీ అంటారు, అంటే సింహం. 1572లో పోయాడు. యూదుల రాతప్రతుల్లోనూ అన్ని చెట్లూ ఒక్కలా ఉండవులే, అది వేరే గోల. నీకు కావలసింది అరీది కాబట్టి అదే చెబుతాను.

పెన్సిలు తీసుకో. ఎ4 కాగితం నిలువుగా పెట్టి మధ్యలో 20 సెంటీమీటర్ల గీత గియ్యి. వృత్తలేఖిని 5 సెంటీమీటర్లకి తెరిచి, మళ్ళీ కదపకు. గీత పైకొస మీద ముల్లు గుచ్చి ఒక వృత్తం, ఐదు కిందకి జరిగి ఇంకోటి, పది దగ్గర ఇంకోటి, పదిహేను దగ్గర ఇంకోటి. నాలుగే. పక్కపక్క వృత్తాలు రెండు వైపులా కోసుకుంటాయి చూడు, మొత్తం ఆరు చోట్ల. అవే పక్క స్తంభాల ఆరు సెఫిరోత్. పైకొస కెతెర్, పదో సెంటీమీటరు తిఫెరెత్, పదిహేను యెసోద్, అట్టడుగు కొస మల్ఖుత్. నీకు కుడి చేతివైపు పైనుంచి హోఖ్మా, హెసెద్, నెత్సాహ్. ఎడమకి బినా, గెవురా, హోద్. ఇక్కడ తిరగేశావో, దయ ఉండాల్సిన చోట దండన కూర్చుంటుంది. హెసెద్ అంటే దయ కదా.

ఐదో సెంటీమీటరు దగ్గర, రెండో వృత్తం కేంద్రంలో ఏమీ పెట్టలేదు, గమనించావా? దాన్నే చెప్పబోతున్నా.

గీతలు 22, హీబ్రూ అక్షరాలన్ని. సెఫెర్ యెత్సిరా అనే పాత హీబ్రూ పుస్తకం ఆ అక్షరాల్ని మూడు, ఏడు, పన్నెండుగా విడగొట్టింది. అందులో చెట్టు బొమ్మేమీ లేదు, ఉన్నది లెక్కే. తర్వాతివాళ్ళు ఆ లెక్కని చెట్టు మీదకెక్కించారు. అడ్డగీతలు 3, నిలువుగీతలు 7, ఏటవాలువి 12. తమాషా ఏమిటంటే నీ బొమ్మలోనూ ఇదే లెక్క సరిపోతుంది, అందుకే తప్పు దొరకదు! తేడా అంతా రెండే రెండు ఏటవాలు గీతల్లో ఉంది. నువ్వు నెత్సాహ్ నుంచీ హోద్ నుంచీ మల్ఖుత్‌కి దింపావు. అరీ చెట్టులో ఆ రెండూ ఉండవు. వాటి బదులు పైన హోఖ్మా నుంచి గెవురాకి ఒకటి, బినా నుంచి హెసెద్‌కి ఒకటి. ఆ రెండూ సరిగ్గా ఎక్కడ కోసుకుంటాయో గీసి చూడు. ఖాళీగా వదిలిన ఆ ఐదో సెంటీమీటరు మీద! దాత్ (జ్ఞానం) అనే అదనపు సెఫిరా చోటు అదే. నీ బొమ్మలో అక్కడ నిలువు గీత ఒక్కటే పోతుంది. దాత్‌కి మాత్రం నిండు గుండ్రం పెట్టకు, చుక్కలతో చూపించు. దాన్ని లెక్కలోకి తీసుకుంటే కెతెర్‌ని వదిలేస్తారు. "పది, తొమ్మిది కాదు, పది, పదకొండు కాదు" అని సెఫెర్ యెత్సిరా ముందే గట్టిగా చెప్పేసింది మరి.

మల్ఖుత్‌కి ఒక్కటే ఎందుకంటే, ఆమెకి తనకంటూ ఏమీ లేదని కబ్బాలా మూలగ్రంథం జోహర్ మాట. చంద్రుడిలాగ. పైనుంచి వచ్చేదంతా యెసోద్‌లో చేరి, అక్కణ్ణించే దిగాలి. ఈ గీతల్ని వాళ్ళు త్సినోరోత్ అంటారు, అంటే గొట్టాలు. అందుకే జంటగీతగా, 8 మిల్లీమీటర్ల వెడల్పున వేసి మధ్యలో అక్షరం రాయి. దాత్ దగ్గర మూడు గొట్టాలు ఢీకొంటాయి, అక్కడే సిరా అలుక్కుపోతుంది. నిలువుది ముందు సిరా చేసి, మిగతా రెండూ దాని కింద నుంచి దూరినట్టు ఆపేసి మళ్ళీ మొదలుపెట్టు.

అయ్యాక ఒక్కో గుండ్రాన్ని తాకే గీతల కొసలు లెక్కపెట్టు. తిఫెరెత్‌కి 8, కెతెర్‌కి 3, మల్ఖుత్‌కి 1. నెత్సాహ్, హోద్, యెసోద్‌లకి తలా 4, మిగతా నలుగురికీ తలా 5. మొత్తం 44 రావాలి.

ఇక రెండో బొమ్మ, శ్రీచక్రంలా ఉందన్నావే, ఒకదానిలో ఒకటి పది వృత్తాలు. అది పూర్తిగా తలకిందులు వ్యవహారంరా. శ్రీచక్రంలో లోపలికి వెళ్ళేకొద్దీ పైకి వెళ్ళినట్టు, బిందువే శిఖరం. ఇక్కడ అన్నిటికన్నా బయటి వృత్తం కెతెర్, నడిమిది మల్ఖుత్. దేవుడి వెలుగు బయట ఉంది, మధ్యలో ఉన్నది ఖాళీ చేసిన చోటు. పైనుంచి సన్నటి గీత ఒకటి లోపలికి దిగుతుంది చూడు, దాన్ని అటు చివరిదాకా లాగేశావు. లాగకూడదు. కింది అంచుని తాకితే అటునుంచీ వెలుగు వచ్చేస్తుంది, ఇంక పైన ఏది, కింద ఏది? ఆ తేడా ఉండాలనే ఆ గీత మధ్యలో ఆగుతుంది. లూరియా శిష్యుడు హయ్యిం విటాల్ ఇదంతా రాసి, పైన ఒళ్ళూ ఆకారమూ ఏమీ లేవు, ఇవన్నీ చెవికి అందడానికి చెప్పే పోలికలు అని కూడా హెచ్చరించాడు. బొమ్మ గీసేవాళ్ళెవరూ ఆ వాక్యం దగ్గర ఆగినట్టు లేదు, నీతో సహా.

అన్నట్టు అసలుది మరిచాను! గుండ్రాల్లో సెఫిరోత్ పేర్లే రాయి. కెతెర్‌కి ఎహ్యె, మల్ఖుత్‌కి అదోనాయ్ అని ఒక్కోదానికీ ఒక్కో దేవుడి పేరు జత ఉంటుంది. వాటిని హీబ్రూలో రాశావో, వాళ్ళ ధర్మం ప్రకారం ఇంక చెరపకూడదు, కాగితం చిరిగినా పారెయ్యకూడదు, గెనిజాలో, అంటే అలాంటి పాత కాగితాలు భద్రం చేసే చోట, దాచాలి. నీ రబ్బరు సంగతి నాకు తెలుసు కాబట్టి

పోస్టు డబ్బా తీసే టైమైంది, పిల్లాడు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అడ్డగీతల మీద పైనుంచి షిన్, ఆలెఫ్, మేమ్. మరిచిపోకు.

నీ
స్టూలు