మన ప్రాథమిక పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం: 2025–26 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పెద్ద శుభవార్త, మన బడికి 3, 4, 5 తరగతులు తిరిగి రావడం. 2022లో జీవో 117 కింద అవి హైస్కూలుకు వెళ్లిపోయాక రెండో తరగతితోనే పిల్లలు బడి మారాల్సి వచ్చేది. 2025లో ఆ జీవో రద్దయింది. తరగతులొచ్చినా పిల్లలుండాలి కదా! అందుకే ఎండల్లో ఇంటింటికీ తిరిగాం. కాన్వెంటు బస్సెక్కే పిల్లలు కొందరు మన బడిలో చేరారు. మాతో తిరిగిన అక్కచెల్లెళ్లకు పేరుపేరునా ధన్యవాదాలు.

ముక్కనుమ నాటి కలయిక సంఘానికే గర్వకారణం. స్టోర్ రూములో మూలపడిన పాత చెక్క నల్లబల్లను బయటికి తీయించాం. మనం శనివారాలు చేసినట్టే పెద్దవాళ్లు బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి, బల్లకు పట్టించి చూపించారు. గ్రీన్ బోర్డులే చూసిన పిల్లలు నేనంటే నేనని ఎగబడి మోచేతుల దాకా మసి చేసుకున్నారు. బల్ల ఆరాక మన రిటైర్డ్ మాస్టారు వణికే చేత్తోనే, అవే గుండ్రటి అక్షరాలతో తేదీ, హాజరు రాశారు. చాలామందికి కళ్లు చెమర్చాయి. గోదావరి లంక నుంచి పడవలో చదువుకి వచ్చిన పెద్దాయన, వరదల్లో పలకా పుస్తకాలూ నెత్తిన పెట్టుకుని రేవు దాటిన సంగతి చెబుతుంటే పిల్లలు కదల్లేదు. మనం తిన్న గోధుమనూక ఉప్మా గురించి విని, "గుడ్డు, చిక్కీ పెట్టేవారు కాదా?" అని అడిగారు. ఇప్పుడు మన కోనసీమ తల్లి డొక్కా సీతమ్మ గారి పేరిట వాళ్లకి సన్నబియ్యం భోజనం అందుతోంది.

హెడ్మాస్టరు గారికి, టీచర్లకు, సర్పంచ్ గారికి, వంట చేసే అమ్మలకు, షామియానా ఉచితంగా వేసినవారికి, గల్ఫ్ నుంచి విరాళాలు పంపిన తమ్ముళ్లకు కృతజ్ఞతలు.

జమాఖర్చుల పత్రం అందరికీ ఇచ్చాం. ఎక్కువ ఖర్చు నాడు-నేడు పథకంలో బడికి వచ్చిన మంచినీటి ప్లాంటు ఫిల్టర్లకే అయింది.

ప్రహరీ గోడ కోసం అర్జీ మీద అర్జీ పెట్టాం. వచ్చి కొలతలు తీసుకున్నారు, అంతే. రాత్రిళ్లు ఆవరణలో పశువులు పడుకుంటున్నాయి, పొద్దున్నే పిల్లలు పేడ తీసి తరగతికి వెళుతున్నారు. ఇది బాధాకరం.

ఇంకో మాట. ముక్కనుమ నాడు ఫొటోకి నిలబడడానికి మెట్లు చాలలేదు. శనివారం సాయంత్రాలు చదివించడానికి మాత్రం ఇద్దరు ముగ్గురే వస్తున్నారు. కొన్ని వారాలు పిల్లలు వరండాలో ఎదురుచూసి ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ శనివారాల పట్టిక ఇక్కడ టేబుల్ మీదే ఉంది. వెళ్లేముందు పేరు రాయండి. తప్పకుండా వచ్చేవారే రాయండి.

ఇట్లు,
కార్యదర్శి