బొమ్మ తిరుగు కిరాయి ఎవరు కట్టాలి?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ చదివి, ఇంటి దగ్గరే బొమ్మలు వేస్తోంది. కిందటేడు ఉత్తరాదిలో ఒక పోటీ ప్రదర్శనకు వెయ్యి రూపాయల ఎంట్రీ ఫీజు కట్టి, ఫొటోలు పంపింది. ఆమె కాన్వాస్ ఎంపికైందని మెయిల్ వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. అసలు ఖర్చు ఆ మర్నాటి నుంచి మొదలైంది.

కాన్వాస్ నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. కంచరపాలెంలో వడ్రంగి చేత 2,200 రూపాయలకు చెక్కపెట్టె చేయించాం. పెట్టెతో కలిపినా బరువు 15 కిలోలు లేదు. కానీ కొరియర్ ఆఫీసులో, పెట్టె ఆక్రమించే చోటును బట్టి బరువు లెక్కకడతామని టేపు పెట్టి కొలిచారు. 130, 100, 15 సెంటీమీటర్లు. మూడూ హెచ్చవేసి 5000తో భాగిస్తే 39 కిలోలు. కిరాయి 39 కిలోలకు కట్టాలి, 5,850 రూపాయలు. పెద్ద బొమ్మ వేసేవాళ్లందరికీ ఈ లెక్క తప్పదు.

ప్రదర్శన అయ్యాక బొమ్మ ‘టు-పే’లో, అంటే అందుకునేవాళ్లే కిరాయి కట్టే పద్ధతిలో, తిరిగొచ్చింది. డబ్బు కడితేనే పార్సిల్ ఇస్తామన్నారు, కట్టాం. మేం పంపిన చెక్కపెట్టె లేదు, అట్ట చుట్టి తాడు కట్టి పంపారు. కింది మూల ఫ్రేము విరిగి, కాన్వాస్ అంగుళం మేర చిరిగింది. నిర్వాహకులను అడిగితే, దారిలో జరిగే నష్టం కళాకారులదేనని నిబంధనల్లో ఉందన్నారు.

పంపే ఖర్చు మేమే పెట్టుకోవడం న్యాయమే. తిరిగి పంపే ఖర్చు మాత్రం నిర్వాహకులే భరించాలి. ఈ పిల్లల బొమ్మలతోనే కదా వాళ్ల హాలు నిండేది! అమ్ముడుపోతే కమిషన్ కూడా తీసుకుంటారు. పైగా మనవైపు రావలసిన బొమ్మలన్నీ ఒకే లారీకి ఎక్కిస్తే ఒక్కోదానికి పడేది తక్కువ. ఆ పని వాళ్లు చేయగలరు గానీ, విడివిడిగా ఉన్న కళాకారులు ఎలా చేస్తారు?

శిల్పాలు చేసేవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. మా అమ్మాయితో చదివిన ఒక అబ్బాయికి రాయి చెక్కడమంటే ప్రాణం. ఇప్పుడు పోటీలకు కాగితం మీద ప్రింట్లు వేసి పంపుతున్నాడు. చుట్టి గొట్టంలో పెడితే తక్కువలో పోతుందట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

మన విశాఖలో ప్రదర్శనలు పెట్టేవాళ్లకు నా విన్నపం ఒకటే. తిరుగు కిరాయి, దారిలో బీమా మీరే చూసుకోండి. ఏ ఖర్చు ఎవరిదో, ఫీజు కట్టకముందే కనిపించేలా ప్రకటనలోనే రాయండి. ప్రభుత్వ డబ్బుతో జరిగే ప్రదర్శనలకైనా భాషా సాంస్కృతిక శాఖ దీన్ని షరతుగా పెట్టాలి.

ఈ వారం మరో పోటీ ప్రకటన వచ్చింది. అందులో తిరుగు ఖర్చు ఊసే లేదు. ఫోన్ చేసి అడిగాకే ఫారం నింపుతానని మా అమ్మాయి పక్కన పెట్టింది.

– ఒక చిత్రకారిణి తండ్రి,
పెదవాల్తేరు, విశాఖపట్నం